పేరు లేని మనిషి పటం

ఉద్దేశం: చిత్రాన్ని చూసి ఆనందించడమే కాక, దానిని చదివి అర్థం చేసుకోవడం కూడా ఒక విద్య. ఫ్రాన్సు దేశంలో 1834లో అచ్చయిన ఒక బొమ్మ ద్వారా ఆ విద్యను పరిచయం చేయడం, సామాన్య మానవుడికి చిత్రకళలో చోటు ఎలా దొరికిందో తెలియజెప్పడం ఈ పాఠం ఉద్దేశం.

మన ఇళ్లలో గోడలకు పటాలు ఉంటాయి. దేవుళ్ల పటాలు, దేశనాయకుల పటాలు, గతించిన పెద్దల పటాలు మనం రోజూ చూస్తూనే ఉంటాం. ఒకరి బొమ్మకు పటం కట్టించి గోడకు తగిలించామంటే వారు మనకు ముఖ్యులని అర్థం. మరి పటంలోకి ఎక్కే అర్హత ఎవరికి ఉన్నది? ఈ ప్రశ్నకు లోకం చాలాకాలం ఒకే సమాధానం చెప్పింది. రాజులకు, మంత్రులకు, సేనాపతులకు, మతాధిపతులకు ఆ అర్హత ఉన్నదని చెప్పింది. పంతొమ్మిదో శతాబ్దంలో ఫ్రాన్సు దేశపు చిత్రకారుడు ఒకరు దానికి మరో సమాధానం చెప్పారు. ఆయన పేరు ఒనొరే దోమియే.

ఆ సమాధానం ఎంత కొత్తదో తెలియాలంటే ముందు పాత పద్ధతి తెలియాలి. పదిహేడో శతాబ్దంలో ఫ్రాన్సును పద్నాలుగవ లూయీ పాలించాడు. ఆ కాలంలో రొబెర్ నాంతెయ్ అనే కళాకారుడు మనుషుల పోలికలను రాగిరేకుల మీద చెక్కి, కాగితాల మీద అచ్చు తీసేవాడు. ఆయన రెండువందలకు పైగా ముఖచిత్రాలు చెక్కాడు. వాటిలో ఎక్కువ భాగం రాజుగారివి, ఆయన కొలువులోని ప్రముఖులవి. రాగిరేకును సన్నని ఉక్కు పనిముట్టుతో గీత గీతగా చెక్కాలి. చేయి ఒకసారి జారితే రేకు పాడవుతుంది. ఒక్క ముఖం చెక్కడానికి ఎన్నో రోజుల శ్రమ, ఎంతో ఖర్చు అయ్యేవి. అంత ఖర్చు పెట్టి కూలివాడి ముఖాన్ని ఎవరు చెక్కిస్తారు? కాబట్టి ముఖచిత్రం అంటే గొప్పవారి ముఖచిత్రమే అన్నది మాటకు ముందే నిర్ణయమైపోయింది.

ఈ పరిస్థితి మారడానికి ఒక రాయి కారణమైంది. జర్మనీలోని మ్యూనిక్ నగరంలో అలోయ్ సెనెఫెల్డర్ అనే యువకుడు నాటకాలు రాసేవాడు. వాటిని అచ్చు వేయించడానికి డబ్బు చాలక, తక్కువ ఖర్చుతో అచ్చు వేసే మార్గం కోసం స్వయంగా ప్రయోగాలు మొదలుపెట్టాడు. ఒకనాడు తల్లి చాకలి పద్దు రాయమన్నదట. చేతికి కాగితం దొరకక, తన దగ్గరున్న జిడ్డు సిరాతో ఆ పద్దును నున్నని రాతిపలక మీద రాశాడట. ఆ రాతే తనకు దారి చూపిందని ఆయన తరువాత తన గ్రంథంలో చెప్పుకొన్నాడు. మరికొన్ని ప్రయోగాల తరువాత 1798 నాటికి ఆయన చేతిలో శిలాముద్రణ రూపుదిద్దుకొన్నది. దీనినే రాతి అచ్చు అని కూడా అంటారు.

నీరు, నూనె ఒకదానితో ఒకటి కలవవు. శిలాముద్రణకు ఈ చిన్న సూత్రమే ఆధారం. నున్నగా అరగదీసిన సున్నపురాతి పలకను తీసుకొంటారు. మైనం, కొవ్వు, సబ్బు, మసి కలిపి చేసిన నల్లని బలపంతో దానిమీద బొమ్మ గీస్తారు. తుమ్మజిగురులో కొద్దిగా నత్రికామ్లం కలిపి పలక అంతటా పూస్తారు. ఆ తరువాత పలకను నీటితో తడుపుతారు. గీత లేనిచోట రాయి నీటిని పట్టుకొంటుంది. గీత ఉన్నచోట జిడ్డు నీటిని తోసివేస్తుంది. ఇప్పుడు జిడ్డు సిరా అంటిన రోలరును పలకపై దొర్లిస్తే, సిరా గీతలకు మాత్రమే అంటుకొంటుంది. పైన కాగితం పరచి యంత్రంతో నొక్కితే బొమ్మ కాగితం మీదికి వస్తుంది. అయితే కుడి ఎడమలు తారుమారవుతాయి. అందుచేత చిత్రకారుడు బొమ్మను తిరగేసి గీయాలి.

ఈ పద్ధతిలో చెక్కే పని లేదు. కాగితం మీద గీసినంత సులువుగా రాతిమీద గీయవచ్చు. ఉదయం జరిగిన సంగతిని సాయంత్రానికి బొమ్మగా గీసి, కొద్దిరోజుల్లో వందల ప్రతులు తీయవచ్చు. వెలలు తగ్గాయి. బొమ్మ రాజుల మందిరాల నుంచి అంగడి వీధిలోకి వచ్చింది. ఈ విద్య 1820 ప్రాంతాల్లో మన దేశానికి కూడా చేరింది. రాజా రవివర్మ 1894లో బొంబాయిలో నెలకొల్పిన ముద్రణాలయం అచ్చువేసిన లక్ష్మీ, సరస్వతుల పటాలు కూడా రాతి పలకల మీద నుంచి వచ్చినవే. రంగుకు ఒక పలక చొప్పున వాడి వాటిని అచ్చువేసేవారు.

ఇక దోమియే సంగతి చూద్దాం. ఆయన 1808 ఫిబ్రవరి 26న దక్షిణ ఫ్రాన్సులోని మార్సెయ్ అనే రేవుపట్టణంలో పుట్టాడు. తండ్రి కిటికీలకు, పటాలకు అద్దాలు బిగించే పనివాడు. కవిత్వం మీద మక్కువతో ఆయన కుటుంబాన్ని పారిస్‌కు తరలించాడు. కవిత్వం కీర్తిని తేలేదు, కడుపూ నింపలేదు. కాబట్టి దోమియే చిన్నతనంలోనే పనిలో చేరవలసి వచ్చింది. కోర్టు అమీను దగ్గర కబుర్లు మోసే కుర్రవాడుగా, తరువాత పుస్తకాల దుకాణంలో గుమాస్తాగా పనిచేశాడు. వీధుల్లో తిరుగుతూ మనుషుల నడకలు, ముఖాలు, చేతులు గమనించడం అలవాటు చేసుకొన్నాడు. శిలాముద్రణ నేర్చుకొని, ఆ పనితోనే బతుకుతెరువు వెతుక్కొన్నాడు.

అప్పటి ఫ్రాన్సు రాజు పదవ చార్లెస్. 1830 జూలైలో ఆయన కొన్ని శాసనాలు చేశాడు. వాటిలో ఒకటి పత్రికాస్వాతంత్ర్యాన్ని రద్దు చేసింది. ప్రభుత్వ అనుమతి లేనిదే పత్రిక వెలువడరాదని ఆజ్ఞ అయింది. పాత్రికేయులు నిరసన ప్రకటన చేశారు. ముద్రణాలయాలు మూతపడ్డాయి. పని పోయిన అచ్చుకార్మికులు వీధుల్లోకి వచ్చారు. వారికి ఇతర కార్మికులు, విద్యార్థులు తోడయ్యారు. జూలై 27, 28, 29 తేదీల్లో పారిస్ వీధుల్లో పోరాటం జరిగింది. పదవ చార్లెస్ సింహాసనం వదిలి ఇంగ్లండుకు వెళ్లిపోయాడు. అతని బంధువు లూయీ ఫిలిప్ రాజయ్యాడు. ఆ రోజుల్లో గోదావరి తీరాన ఉన్న యానాం ఫ్రెంచివారి ఏలుబడిలో ఉండేది. కాబట్టి యానాం తెలుగువారికి కూడా ఆయనే రాజు.

పౌరులు తమ అభిప్రాయాలను అచ్చువేసి ప్రకటించవచ్చని, ఇక ఎన్నడూ ముందస్తు తనిఖీ ఉండదని 1830 ఆగస్టు నాటి రాజ్యాంగ పత్రం వాగ్దానం చేసింది. కాని వాగ్దానం చేయడం వేరు, నిలుపుకోవడం వేరు. షార్ల్ ఫిలిపాన్ అనే సంపాదకుడు వ్యంగ్యచిత్రాల పత్రికలు నడిపేవాడు. రాజుగారి ముఖం బేరిపండులా ఉన్నదని ఆయన గీశాడు. కోర్టులో విచారణ జరుగుతుండగా, ముఖం కొద్దికొద్దిగా పండుగా మారే నాలుగు బొమ్మలు గీసి చూపి, ఏ బొమ్మ దగ్గర నేరం మొదలైందో చెప్పమని అడిగాడు. అయినా ఆయనకు శిక్ష తప్పలేదు. ఆయన పత్రికల కోసం పనిచేసిన దోమియే 1831 డిసెంబరులో మరో బొమ్మ గీశాడు. అందులో రాజు ఒక పెద్ద రాక్షసుడు. పేదలు బుట్టలతో మోసుకువచ్చిన డబ్బును మింగుతూ కూర్చున్నాడు. ఈ బొమ్మకు దోమియేకు ఆరు నెలల జైలు, 500 ఫ్రాంకుల జరిమానా పడ్డాయి. 1832 ఆగస్టులో ఆయనను జైలులో పెట్టారు. 1833 ఆరంభంలో విడుదల చేశారు. అప్పటికి ఆయన వయస్సు దాదాపు ఇరవై అయిదేళ్లు.

జరిమానాలు పెరుగుతుంటే పత్రిక నిలవడం కష్టమైంది. అందుకు ఫిలిపాన్ ఒక ఉపాయం ఆలోచించాడు. నెలకు ఒక ఫ్రాంకు చందా కట్టినవారికి మంచి కాగితం మీద ఒక పెద్ద బొమ్మ ఇస్తారు. ఆ సొమ్ముతో జరిమానాలు కడతారు. ఈ చందాదారుల సంఘం మొత్తం 24 బొమ్మలు వెలువరించింది. వాటిలో ఒకటి 1834 మార్చిలో వచ్చింది. మన పాఠానికి ఆధారమైన పటం ఇదే.

ఇప్పుడు పటాన్ని జాగ్రత్తగా చదువుదాం. కాగితం మధ్యలో ఒక యువకుడు నిలబడి ఉన్నాడు. అతడు అచ్చుకార్మికుడు. చొక్కా చేతులు పైకి మడిచి ఉన్నాయి. కాళ్లు ఎడంగా పెట్టి, నేలలో పాతుకుపోయినట్లు నిలిచాడు. పిడికిళ్లు బిగించాడు. కాని చేతులు పైకి ఎత్తలేదు. అతడు ఎవరినీ కొట్టడానికి వెళ్లడం లేదు. తన చోటు వదలడం లేదు, అంతే. ముఖంలో భయం లేదు, తొందర లేదు. అతడు నిలబడిన నేలమీద ‘పత్రికాస్వాతంత్ర్యం’ అని ఫ్రెంచిలో రాసి ఉన్నది. బొమ్మ కింద ‘న వూ జి ఫ్రొతే పా’ అనే మాటలున్నాయి. ‘జోలికి రావద్దు’ అని వాటి భావం.

తరువాత వెనుకవైపు చూడండి. ఒక పక్క పదవ చార్లెస్ కిరీటం జారి కిందపడి ఉన్నాడు. పరదేశపు రాజులు ఆయనను లేపడానికి ప్రయత్నిస్తున్నారు. మరో పక్క లూయీ ఫిలిప్ గొడుగు ఝళిపిస్తూ కార్మికుడి మీదికి రాబోతున్నాడు. పక్కనున్నవారు ఆయనను వెనక్కి లాగుతున్నారు. ఒక రాజు ఇంతకుముందే పడ్డాడు. రెండో రాజు పడడానికి సిద్ధంగా ఉన్నాడు. సూచన ఇంత స్పష్టంగా ఉన్నా చిత్రకారుడు ఒక్క వాక్యమైనా వివరణ రాయలేదు.

ఇందులో ముఖ్యమైనది పరిమాణం. పాత చిత్రాల్లో రాజు మధ్యలో, పెద్దగా ఉంటాడు. సేవకులు అంచుల్లో, చిన్నగా ఉంటారు. దోమియే ఈ వరుసను తారుమారు చేశాడు. కార్మికుడు కాగితం ఎత్తునా నిలబడ్డాడు. రాజులు అతడి మోకాళ్ల దగ్గర బొమ్మల్లా కనిపిస్తారు. రాజును తిట్టే బొమ్మలు అప్పటికే చాలా వచ్చాయి. కాని రాజుకు దక్కవలసిన చోటును ఒక పనివాడికి ఇవ్వడం తిట్టు కంటే పెద్ద మాట.

మరొక విశేషం ఉన్నది. రాజుల పటాల కింద వారి పేర్లు, బిరుదులు బారెడు ఉంటాయి. ఈ కార్మికుడికి పేరు లేదు. అతడు ఒక్కడు కాడు కాబట్టి పేరు లేదు. 1830 జూలైలో వీధుల్లోకి వచ్చిన అచ్చుకార్మికులందరికీ ఆ ముఖం చెల్లుతుంది. రాతిపలకను తడిపి, సిరా పూసి, ఈ బొమ్మను ప్రతి ప్రతిగా అచ్చుతీసిన పనివాడు కూడా దానిలో తనను తాను చూసుకొని ఉండవచ్చు.

ఈ పటం వెలువడిన మరుసటి నెలలోనే ఘోరం జరిగింది. 1834 ఏప్రిల్‌లో పారిస్‌లో అల్లర్లు చెలరేగాయి. త్రాన్స్‌నొనేన్ వీధిలోని 12వ నంబరు ఇంటివైపు నుంచి ఎవరో కాల్పులు జరిపారన్న అనుమానంతో సైనికులు ఏప్రిల్ 15 తెల్లవారుజామున ఆ ఇంట్లోకి చొరబడ్డారు. అందులో కాపురముంటున్న సామాన్య స్త్రీపురుషులను, వృద్ధులను చంపారు. దోమియే ఆ సంఘటన మీద మరో పటం గీశాడు. చందాదారుల సంఘం వెలువరించిన చివరి బొమ్మ అదే.

ఆ పటంలో రాజు లేడు, సైనికులు లేరు, వ్యంగ్యం లేదు. ఒక చిన్న గది ఉన్నది. కుర్చీ తలకిందులై ఉన్నది. మంచానికి ఆనుకొని, రాత్రి దుస్తుల్లో ఉన్న ఒక మనిషి చనిపోయి పడి ఉన్నాడు. అతడి కింద ఒక పసిబిడ్డ శవం. ఒక పక్క ముసలివాడి తల కనిపిస్తుంది. మరో పక్క చీకటిలో ఒక స్త్రీ పడి ఉన్నది. బొమ్మ కింద వీధి పేరు, తేదీ తప్ప మరో మాట లేదు. మార్చి పటంలో పిడికిలి బిగించి నిలిచినవాడూ, ఈ పటంలో నేలకొరిగినవాడూ ఇద్దరూ పేరులేని సామాన్యులే. ఒకరు నిలబడిన హక్కును చూపితే, మరొకరు ఆ హక్కు లేనప్పుడు ఏమవుతుందో చూపుతారు. ఈ బొమ్మను దుకాణం కిటికీలో పెట్టగా జనం గుమిగూడి చూశారు. పోలీసులు దొరికిన ప్రతులను పట్టుకుపోయారు. అయినా కొన్ని ప్రతులు మిగిలాయి. పారిస్ జాతీయ గ్రంథాలయంలోను, న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలోను అవి భద్రంగా ఉన్నాయి.

1835 జూలైలో రాజుపై హత్యాప్రయత్నం జరిగింది. దానిని కారణంగా చూపి, ఆ సంవత్సరం సెప్టెంబరులో ప్రభుత్వం కొత్త చట్టం చేసింది. ఇక ఏ బొమ్మనైనా అచ్చువేయడానికి ముందు అనుమతి పొందాలి. రాతలకు లేని ఈ నిబంధన బొమ్మలకు ఎందుకు? రాసినది అభిప్రాయం మాత్రమేనని, బొమ్మ చూపడం చర్యతో సమానమని పాలకులు వాదించారు. చదవడం రానివారు కూడా బొమ్మను చదవగలరు. ఆ వాదం వెనుకనున్న భయం అదే. బొమ్మకు ఎంత శక్తి ఉన్నదో పాలకులే ఒప్పుకొన్నట్లయింది.

అప్పటినుంచి దోమియే రాజును గీయలేకపోయాడు. కాని మనుషులను గీయడం మానలేదు. అద్దె అడిగే ఇంటి యజమానులు, న్యాయవాదులు, చాకలి స్త్రీలు, రైలులో మూడో తరగతి ప్రయాణికులు ఆయన బలపానికి, కుంచెకు వస్తువులయ్యారు. జీవితకాలంలో ఆయన దాదాపు 4,000 శిలాముద్రణ చిత్రాలు గీశాడు. ముసలితనంలో చూపు మందగించింది. 1879 ఫిబ్రవరి 10న వాల్మొందువా అనే పల్లెలో కన్నుమూశాడు. ఆయన మరణించిన రెండేళ్లకు, 1881 జూలై 29న, ఫ్రాన్సులో పత్రికాస్వాతంత్ర్య చట్టం వచ్చింది. ముందస్తు అనుమతి పద్ధతి రద్దయింది. ఈ చట్టం ఫ్రెంచి వలసలకు కూడా వర్తిస్తుందని అందులోనే రాశారు.

పదవ చార్లెస్, లూయీ ఫిలిప్‌ల నిలువెత్తు వర్ణచిత్రాలు నేటికీ రాజప్రాసాదాల్లో ఉన్నాయి. వాటిని చూసినవారు రాజుల దుస్తులను, నగలను మెచ్చుకొంటారు. అచ్చుకార్మికుడి పటం పలుచని కాగితం. దానికి బంగారు చట్రం లేదు. అయినా దానిని చూసినవారికి ఒక సంగతి తెలుస్తుంది. దేశ చరిత్రలో రాజుల పేర్లు మాత్రమే రాసి ఉన్నా, ఆ చరిత్రను నడిపిన చేతులు వేరు. ఇకమీద మీరు ఏ చిత్రాన్ని చూసినా మూడు ప్రశ్నలు వేసుకోండి. మధ్యలో ఎవరున్నారు? అంచుల్లో ఎవరున్నారు? బొమ్మలో చోటు దొరకనివారు ఎవరు?

అభ్యాసం

కొత్త పదాలు – అర్థాలు
గతించిన = చనిపోయిన
శిలాముద్రణ = రాతిపలకతో అచ్చువేయడం
పద్దు = లెక్క, జాబితా
అమీను = కోర్టు ఉత్తర్వులను అమలుపరిచే ఉద్యోగి
ఏలుబడి = పరిపాలన
ఝళిపించు = బెదిరిస్తూ ఊపు
చట్రం = పటం చుట్టూ ఉండే కట్టు

I. కింది ప్రశ్నలకు ఒకటి రెండు వాక్యాల్లో జవాబులు రాయండి.
1. రాగిరేకుల కాలంలో సామాన్యుల ముఖచిత్రాలు ఎందుకు రాలేదు?
2. శిలాముద్రణకు ఆధారమైన సూత్రం ఏమిటి?
3. దోమియే జైలుకు ఎందుకు వెళ్లవలసి వచ్చింది?
4. నెలకు ఒక ఫ్రాంకు చందా ఎందుకోసం వసూలు చేశారు?

II. కింది ప్రశ్నలకు పది వాక్యాల్లో జవాబులు రాయండి.
1. 1834 మార్చి నాటి పటాన్ని మీ సొంత మాటల్లో వర్ణించండి. అందులో మనుషుల పరిమాణాలకు ఉన్న ప్రాధాన్యం వివరించండి.
2. ‘రాసినది అభిప్రాయం, బొమ్మ చూపడం చర్య’ అనే వాదంతో మీరు ఏకీభవిస్తారా? కారణాలు రాయండి.
3. పేరులేని మనిషి బొమ్మను ముఖచిత్రం అనవచ్చునా? తరగతిలో చర్చించి, ఇరుపక్షాల వాదాలు రాయండి.

III. భాషాభ్యాసం
1. కింది సంధులు గమనించండి.
మత + అధిపతులు = మతాధిపతులు (సవర్ణదీర్ఘ సంధి)
ముద్రణ + ఆలయం = ముద్రణాలయం (సవర్ణదీర్ఘ సంధి)
నిలువు + ఎత్తు = నిలువెత్తు (ఉత్వ సంధి)
2. కింది సమాసాలకు విగ్రహవాక్యాలు రాసి, అవి ఏ సమాసాలో తెలపండి.
స్త్రీపురుషులు, పత్రికాస్వాతంత్ర్యం, రాజప్రాసాదాలు
3. కింది జాతీయాలను సొంత వాక్యాల్లో ప్రయోగించండి.
జోలికి వెళ్లు, కన్నుమూయు, నేలకొరుగు

IV. చేసి చూడండి
మీ ఊరిలో రోజూ పనిచేస్తూ కనిపించే ఒక వ్యక్తిని గమనించండి. వారి అనుమతి తీసుకొని, పనిలో ఉండగా వారి బొమ్మ గీయండి. బొమ్మలో వారిని మధ్యలో పెట్టండి. కింద ఒకే ఒక్క వాక్యం రాయండి.